కామాఠీపురమున దీనబాలసేవ

బొంబాయి నగరమున గ్రాంటురోడ్డు రైలు నిలయమునుండి తూర్పుగా నడచినచో కొలది సేపటిలోనే కామాఠీపురము చేరవచ్చును. దక్షిణమున పూర్వపు గ్రాంటురోడ్డు, ఉత్తరమున బెల్లాసిస్ రోడ్డు, తూర్పున డంకన్ రోడ్డు, పడమటి దిక్కున శుక్లాజీ వీధి, ఫాక్లండ్ రోడ్డు దీనికి ఎల్లలు. నేడు గ్రాంటురోడ్డు మౌలానా షౌకత్ అలీ పేరను, బెల్లాసిస్ రోడ్డు జహంగీర్ బొమన్ బెహ్రామ్ పేరను, డంకన్ రోడ్డు మౌలానా ఆజాద్ పేరను, ఫాక్లండ్ రోడ్డు మరాఠీ జానపద కవి పఠ్ఠే బాపూరావు పేరను వ్యవహరింపబడుచున్నవి. వీధుల పేర్లు మారినను వాడ పేరు మారలేదు. ఆ పేరు తెలుగు కూలీలది. కాని కామాఠీపురమనగనే దేశమునందలి పలువురకు వేశ్యావృత్తి యొక్కటియే స్ఫురించును. ఆ నేలను చదును చేసి, రాళ్లు మోసి, నగరమును నిలిపిన తెలుగువారు స్ఫురింపరు.

ఈ వాడతో సంబంధించిన బాలసేవా చరిత్రమును పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. దిక్కులేని పిల్లలకు చేయు సేవలో మూడు పాత్రలు గలవు. ధనమిచ్చువారు, ఆ ధనమును కూర్చువారు, బిడ్డయొద్ద నిలిచి అన్నము పెట్టువారు. ఈ మువ్వురి నడుమ విశ్వాసమున్న చోట సేవ నిలిచినది. అది లోపించిన చోట ఎంత ధనమున్నను సేవకు చిక్కులు తప్పలేదు. ఇంచుమించు నూటయేబది సంవత్సరముల చరిత్ర ఈ విషయమునే చెప్పుచున్నది.

వచ్చినవారు

బొంబాయి మొదట ఏడు దీవుల సముదాయము. విలియం హార్న్‌బీ గవర్నరుగా నున్న కాలమున మహాలక్ష్మి, వర్లీల నడుమ సముద్రపు పాయకు అడ్డుకట్ట వేయబడి 1784 ప్రాంతమున పూర్తియైనది. పోటునీరు నిలుచు పల్లపు భూములు క్రమముగా నివాసయోగ్యము లయ్యెను. బెల్లాసిస్ రోడ్డు 1793లో ఏర్పడినది. ఆ దశకమునందే నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు ఈ పల్లపు నేలమీద గుడిసెలు వేసికొనిరి. మరాఠీ భాషలో కామాఠీ యనగా కాయకష్టము చేయువాడు. తెలుగున సేద్యపు పనిని తెలుపు కమతము అను మాట దీనికి దగ్గరగా నున్నది. కామాఠీ అనునది ఒక కులముయొక్క పేరు కాదు. మున్నూరు కాపులు, పద్మశాలీలు, గొల్లలు, మాలలు మొదలగు పలు కులములవారిని బొంబాయి నగరము ఆ యొక్క పేరుతో పిలిచినది.

వారి రాక ఒక్క తరముతో ఆగలేదు. 1835నుండి 1838వరకు గవర్నరుగా నుండిన రాబర్ట్ గ్రాంటు పేర రోడ్డు వెలసినది. 1853లో బోరీబందరునుండి ఠాణాకు రైలు నడచినది. అటు తరువాత నూలు మిల్లులు లేచినవి. రోడ్డు వేయుటకును, వంతెన కట్టుటకును, పునాది త్రవ్వుటకును తెలుగు కూలీ కావలసివచ్చెను. తెలుగు స్త్రీలును తట్టలు నెత్తికెత్తుకొని పురుషులతో సమముగా పనిచేసిరి. 1874లో వాడీనుండి సికింద్రాబాదుకు రైలుమార్గము తెరువబడువరకు కాలినడకయు ఎడ్లబండియు వారికి ఆధారములు. రైలు వచ్చిన పిదప కరీంనగరము, నిజామాబాదు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి వలస పెరిగినది.

ఆనాటి తెలుగు కూలీకి బొంబాయి నిజముగా పరదేశమే. ఇల్లు నిజాము ఏలుబడిలో, పని ఆంగ్లేయుల ఏలుబడిలో. ఇంట తెలుగు, బయట మరాఠీ, మేస్త్రీతో హిందుస్తానీ. తపాలా శాఖ మనియార్డరు పద్ధతిని 1880లో ప్రవేశపెట్టువరకు ఇంటికి పైకము పంపవలెనన్న ఊరికి పోవు తోటివాని చేతికి ఇచ్చుటయే గతి. పరుని చేతిలో సొమ్ము పెట్టి నమ్ముట అను గుణము వారికి బ్రతుకు నేర్పిన పాఠము. చాళ్లలో ఒక్కొక్క గదిలో పలువురు కలిసి వండుకొని తినుచు కష్టకాలమున ఒకరికొకరు నిలిచిరి. కామాఠీపురపు దానధర్మములకు మూలము ఇచ్చట నున్నది.

సత్యశోధక సమాజమును తెలుగువారును

జోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24వ తేదీన పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించెను. ఫూలే గురువుగను సంస్కర్తగను ప్రసిద్ధుడు. కాని జీవనోపాధికి ఆయన కట్టడపు పనుల గుత్తేదారు. ఖడక్‌వాస్లా జలాశయ నిర్మాణమునకు సామగ్రి సమకూర్చినవారిలో ఆయన యొకడు. రాళ్లు మోయు కూలీల బ్రతుకు ఆయన కన్నులార చూచినది. బొంబాయి తెలుగువారి వృత్తియు అదియే. కావున పూనా సంస్కర్తకును కామాఠీపురపు తెలుగువారికిని ఏర్పడిన స్నేహము ఆకస్మికము కాదు.

బొంబాయిలో ఆ సమాజమునకు అండగా నిలిచినవారిలో తెలుగు ప్రముఖుల పేర్లు ఫూలే జీవిత చరిత్రములలో నిలిచియున్నవి. రామయ్య వ్యంకయ్య అయ్యవారు, వ్యంకు బాళాజీ కాళేవార్, జాయా కరాడీ లింగూ, నరసింగరావు సాయిబూ వడ్నాల ముఖ్యులు. పేర్లను పరికించినచో తెలుగు ఇంటిపేర్లు మరాఠీ ఉచ్చారణలో ఎట్లు మారినవో తెలియును. సమాజమునకు సొంత పత్రిక యుండవలెనను ఉద్దేశముతో బొంబాయి తెలుగు మిత్రులు ముద్రణాయంత్రమును కొని కానుకగా ఇచ్చిరి. 1877లో కృష్ణారావు భాలేకర్ దీనబంధు పత్రికను ఆరంభించెను. 1880నుండి ఆ పత్రిక బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే సంపాదకత్వమున వెలువడినది. ఆ లోఖండేయే 1884లో మిల్లు కార్మికుల సంఘమును నెలకొల్పెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి గలదు. ఆ పత్రిక మరాఠీ పత్రిక. ఆ సమాజము పూనా సమాజము. దానివలన చదువు పొందిన బిడ్డలలో అధికులు మరాఠీ రైతుల బిడ్డలు. అయినను తెలుగువారు తమ సొమ్మును ఇచ్చిరి. తమ భాషవారికే ఇత్తుమని వారు గిరిగీసికొనలేదు. పరదేశమున కూలికి వచ్చినవారు ఆ పరదేశపు దీనుల పక్షమున నిలుచుట ఏ జాతి చరిత్రయందైనను వ్రాసికొనదగిన సంగతి.

ధాత కరవు

1876లో వానలు తప్పినవి. దక్కను పీఠభూమియందు పూనా, సోలాపురము, అహమ్మదునగరము, సాతారా జిల్లాలును, చెన్నరాష్ట్రమునందలి బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలును ఎండిపోయినవి. అది ధాత నామ సంవత్సరమగుటచే మనవారు దానిని ధాత కరవనిరి. 1878వరకు సాగిన ఆ క్షామమున ఆంగ్ల పాలిత ప్రాంతములందే యేబది లక్షలకు పైగా ప్రజలు మరణించిరని చరిత్రకారుల అంచనా. ఒకే కరవు తెలుగు పల్లెను, మరాఠీ పల్లెను సమముగా కాల్చినది.

జున్నరు ప్రాంతమున సత్యశోధక సమాజపు సేవకులు పల్లెలు తిరిగి సాయము చేసిరి. ఓతూరునుండి 1877 ఏప్రిల్ 20వ తేదీన సావిత్రీబాయి ఫూలే తన భర్తకు వ్రాసిన లేఖలో పశువుల చావులు, ప్రజల వలసలు, సేవకులు పడిన ఇక్కట్లు వర్ణింపబడినవి. ఇంటింట కూర్చుండి దానమిచ్చిన కథ కాదు అది. కరవు నేలమీద నడచి చేసిన సేవ.

అదే సంవత్సరము మే 17వ తేదీన ఫూలే ఒక విజ్ఞప్తిని వెలువరించెను. ధనకవడీలో సమాజముచే నెలకొల్పబడిన విక్టోరియా బాలాశ్రమమున కరవుపీడిత బాలబాలికలకు అన్నము పెట్టబడుచున్నదనియు, దానిని సాగించుటకు సభ్యులు సాయపడవలెననియు అందలి సారాంశము. ఆ పిలుపు సమాజ సభ్యులను ఉద్దేశించినది. బొంబాయిలో ఆ సమాజమునకు స్తంభములుగా నున్నవారు పైన చెప్పబడిన తెలుగు ప్రముఖులు.

బాలాశ్రమపు పద్ధతిని పరిశీలించినచో మూడు పాత్రలును ఒక్క కుటుంబమువలె కలిసియుండుట కనబడును. ఇచ్చువారు సమాజ సభ్యులు. కూర్చువాడు వారెరిగిన ఫూలే. పెట్టువారు ఆయనతోడి కార్యకర్తలు. ఇచ్చినవాడు కావలెనన్న పోయి బిడ్డలను చూడగలడు. 1863లో విధవలకును వారి శిశువులకును తమ ఇంటనే ఆశ్రయమిచ్చి, 1874లో అట్టి శిశువు నొకనిని యశ్వంతుడను పేర పెంచుకొన్న దంపతులు పిలుపునిచ్చినపుడు ఆ పిలుపును శంకించువారు లేరు. ఆచరణమే అచ్చట హామీగా నిలిచినది.

సముద్రము దాటిన యాచన

ఇంచుమించు పండ్రెండేండ్లకు ఇదే గ్రాంటురోడ్డునకు సమీపమున మరియొక పద్ధతి కానవచ్చినది. పండిత రమాబాయి 1883లో ఇంగ్లండునకు, 1886లో అమెరికాకు వెళ్లెను. ఫిలడెల్ఫియాలో తన గ్రంథమును ప్రకటించి, ఊరూర ఉపన్యసించి, బాలవితంతువుల దుఃస్థితిని అచటివారికి తెలిపెను. 1887లో బోస్టను నగరమున రమాబాయి సంఘము ఏర్పడి పదేండ్లపాటు ధనసహాయము చేయుటకు పూనుకొనినది. ఆ ధనముతో 1889 మార్చి 11వ తేదీన బొంబాయి చౌపాటీ యొద్ద శారదా సదనము తెరువబడినది. మరుసటి సంవత్సరము అది పూనాకు తరలినది. అందు చేరిన తొలి వితంతు విద్యార్థిని గోదూబాయి తరువాత కర్వే మహాశయుని ధర్మపత్నియై స్త్రీవిద్యకు తోడ్పడెను.

ఇది మహాకార్యము. కాని ఇచ్చట ఇచ్చువారికిని బిడ్డలను పంపినవారికిని నడుమ మహాసముద్రము గలదు. కొందరు బాలికలు క్రైస్తవ మతమువైపు మరలుచున్నారను వివాదము 1893లో చెలరేగినది. రానడే, భండార్కర్ మొదలగు పెద్దలు సలహాసంఘమునుండి తొలగిరి. పలువురు తమ బాలికలను వెనుకకు పిలుచుకొనిరి. ఎవరి పక్షము న్యాయమైనదను చర్చ యిచ్చట అప్రస్తుతము. దూరపు ధనము రాగలదు, దగ్గరి విశ్వాసము సడలగలదు అను పాఠము మాత్రము స్పష్టము. రమాబాయి వెనుదీయక తరువాతి కరవులలో అనాథ బాలికలను కేడగామునకు చేర్చి పోషించెను. బిడ్డలయొద్ద తానే నిలిచినందున ఆ సంస్థ నిలిచినది.

పేరు మాసిన వాడ

ఈ కాలమునందే కామాఠీపురపు రూపు మారినది. అంటురోగముల చట్టము 1870లో బొంబాయిలో అమలుపరుపబడినది. తదాది పోలీసు అధికారులు వేశ్యాగృహములను ఈ ప్రాంతమునకే పరిమితము చేయజూచిరి. ఐరోపా స్త్రీలుండిన వీధికి సఫేద్ గల్లీ యని పేరు వచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1956లో అక్రమ వ్యాపార నిరోధక చట్టము వచ్చినను వాడ మారలేదు. కూలీల చాళ్లును వేశ్యాగృహములును పక్కపక్కనే యుండెను. కష్టించి బ్రతుకు తెలుగు కుటుంబములు తమ చిరునామా చెప్పుకొనుటకు సంకోచపడు దినములు వచ్చెను.

ఇచ్చట తెలుగువారు మరువరాని సత్యమొకటి గలదు. ఆ గృహములలోనికి చేర్పబడిన స్త్రీలలో తెలుగు స్త్రీలును ఉండిరి. తెలంగాణమున బాలికలను దేవత పేర జోగినులుగా విడుచు దురాచారమునకు చిక్కినవారు కొందరు బొంబాయికి చేర్పబడిరి. తాతలు రాళ్లు మోయుటకు వచ్చిన త్రోవనే మనుమరాండ్రు ఈ విధముగా వచ్చిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1988లో దేవదాసీ నిషేధ చట్టమును చేసినది. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లా వర్నియందు జోగినుల పునరావాసమునకై చెల్లి నిలయమును నడిపెను. ఆ నిలయపు పేరులోనే ఆమె దృష్టి యున్నది. పతితలని కాక చెల్లెండ్రని పిలుచుట. బొంబాయిలో కాన్పించు దుఃఖమునకు వేరు నిజామాబాదు పల్లెలో నున్నదని గుర్తించి అచ్చటనే పనిచేసిన విశేషము ఆమెది.

రాత్రి ఆశ్రయము

ఇరువదవ శతాబ్దపు చివర బొంబాయిలో బాలసేవ క్రొత్త రూపమును పొందినది. 1979లో రిప్పన్ కపూర్ అను యువకుడు మిత్రులతో కలిసి యేబది రూపాయల మూలధనముతో క్రై సంస్థను ఆరంభించెను. శుభాకాంక్షల కార్డులమ్మి పైకము కూర్చి, పిల్లలకై పనిచేయు సంస్థలకు అందించుట దాని పద్ధతి. కూర్చుటయే ఒక ప్రత్యేక విద్యగా అభివృద్ధి చెందుటకు ఇది నాంది. తరువాత విదేశములందలి భారతీయులలో, వారిలో తెలుగువారిలోను, చందాల సేకరణ విస్తరించినది.

కామాఠీపురమున అన్నిటికన్న విలక్షణమైన కార్యము ప్రేరణ అను సంస్థది. ప్రీతి పాట్కర్ 1986లో దీనిని ఆరంభించెను. ఒకే వీధిలో అవ్వ, తల్లి, బిడ్డ మూడు తరములు ఒకే వృత్తిలో నిలిచియుండుటను చూచి ఆమె ఈ పనికి పూనుకొనెను. తల్లి పని రాత్రివేళ. ఆ వేళ బిడ్డకు గదిలో చోటులేదు. వీధిలో రక్షణలేదు. పగటి బడి ఎంత మంచిదైనను ఆ బిడ్డకు చాలదు. కావున 1988లో రాత్రి ఆశ్రయ కేంద్రము ఏర్పడినది. సాయంకాలము బిడ్డ వచ్చును, తినును, చదువుకొనును, నిద్రించును, ఉదయము బడికి పోవును. బిడ్డయొక్క దినచర్యను పరిశీలించి దానికి తగినట్లు సేవను రూపొందించుట ఇందలి విజ్ఞత.

ఈ పిల్లలను వేరు బడులలో, వేరు వసతిగృహములలో ఉంచవలెనా యను ప్రశ్న గౌరవ్ జైన్ అను న్యాయవాది వేసిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము ముందునకు వచ్చెను. వేరుచేయుట బిడ్డలకును సంఘమునకును మేలు కాదని న్యాయస్థానము 1989లో పలికెను. 1997 తీర్పులో వారికి ఇతర బాలలతో సమానమైన అవకాశము, గౌరవము, రక్షణ పొందు హక్కు గలదని స్పష్టీకరించెను. జాలి తలంపు హక్కుగా మారిన ఘట్టమిది.

విదేశసేవకులు, విదేశధనము

కామాఠీపురపు పిల్లలకై పనిచేయు సంస్థలకు పరదేశములనుండి యువతీయువకులు వచ్చి కొన్ని వారములుండి పోవుట నేటి కాలపు వాడుక. వారి సద్భావమును శంకింప నవసరము లేదు. కాని మాటిమాటికి మారు సేవకుల వలన పిల్లల మనస్సునకు కలుగు గాయమును నేటి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. నేడు ఎత్తుకొని ముద్దాడిన వ్యక్తి రేపు కనబడకపోవుట, ఆ స్థానమున మరియొకరు వచ్చుట, తల్లికి దూరమైన బిడ్డకు రెండవ ఎడబాటు. అంతేకాక సందర్శకుల ధనమునకై తల్లిదండ్రులు గల పిల్లలనే అనాథలుగా చూపు దుర్మార్గము కొన్ని దేశములలో వెల్లడియైనది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణసభ తన బాలహక్కుల తీర్మానమున అనాథాశ్రమములందలి యిట్టి స్వచ్ఛందసేవవలని కీడును ప్రస్తావించినది.

ధనము విషయమునను నియమములు మారినవి. 1976నాటి విదేశీ విరాళముల చట్టము స్థానమున 2010లో క్రొత్త చట్టము వచ్చినది. 2020 సవరణము ప్రకారము విదేశధనము మొదట ఢిల్లీయందలి స్టేట్ బ్యాంకు ప్రధానశాఖ ఖాతాకే రావలెను. తీసికొన్న సంస్థ దానిని మరియొక సంస్థకు ఇచ్చుటకు వీలులేదు. పాలనావ్యయము నూటికి ఇరువదికి మించరాదు. పెద్ద సంస్థ కూర్చి చిన్న సంస్థలకు పంచు పాత పద్ధతి విదేశధనమునకు వర్తింపదు. కావున పరదేశమునుండి పంపదలచిన తెలుగువారు, వాడలో బిడ్డయొద్ద నిలిచి పనిచేయు సంస్థకు చట్టప్రకారము విదేశధనమును స్వీకరించు అనుమతి యున్నదా యని ముందుగా విచారించుకొనవలెను. తాము వచ్చి సేవింపదలచినచో బిడ్డల నెత్తుకొనుటకన్న అచటి కార్యకర్తలకు లెక్కలు వ్రాయుటలో, భాష నేర్పుటలో, వృత్తి నేర్పుటలో తోడ్పడుట మేలు.

ముగింపు

కామాఠీపురపు చాళ్లు నేడు శిథిలములైనవి. వానిని పడగొట్టి పునర్నిర్మింప ప్రభుత్వము సంకల్పించినది. వేశ్యాగృహములును మునుపటికన్న ఎంతో తగ్గినవి. తెలుగు కుటుంబములనేకము నగరపు శివారులకు తరలినవి. పురపాలక సంఘపు తెలుగు బడులలో పిల్లల సంఖ్య క్షీణించినది. భవనములు మారినపుడు పేరు మారవచ్చును. లేదా పేరు నిలిచి అర్థము మారవచ్చును. ఆ పేరునకు ఏ అర్థము మిగులవలెనో తేల్చుకొనవలసినవారిలో తెలుగువారు మొదటివారు.

చదువురాని కూలీలమధ్య పెరిగిన తెలుగు ప్రముఖులు మరాఠీ పత్రికకు యంత్రము కొనియిచ్చిరి. దీనబాలలకు అన్నము పెట్టు సమాజమును నిలువబెట్టిరి. ఆ బిడ్డలు తమ కులమువారా, తమ భాషవారా యని వారడుగలేదు. వంద సంవత్సరముల పిదప అదే వాడలో, వారిలో తెలుగు తల్లుల బిడ్డలును ఉండగా, రాత్రివేళ తలుపు తెరచి అన్నము పెట్టినవారు ఇతరులు. ఇది తెలుగువారిపై నున్న ఋణము. వడ్డీతో తీర్పవలసిన ఋణము కాదు. వాడలోని ఏ బిడ్డ బడిమానినదో, ఏ బిడ్డకు రాత్రి చోటు లేదో తెలిసికొని, ఆ బిడ్డయొద్ద నిలిచినవారికి ఏటేట క్రమము తప్పక తోడ్పడుటచే తీరు ఋణము. కామాఠీ యన్న మాటకు కష్టజీవి యను పాత అర్థము అట్టి పనివలననే తిరిగి రాగలదు.